టోక్యోలో ఒక్క పూట సుషీకి 30 వేల యెన్లు పెట్టొచ్చా?

పెళ్ళిరోజుకి టోక్యో వస్తున్నామనీ, ఇద్దరూ ఇంతవరకూ పచ్చి చేప రుచి చూడలేదనీ, గింజా అనే ఖరీదైన పేటలో పేరున్న సుషీ కౌంటర్‌కి వెళ్తే డబ్బు దండగవుతుందేమోననీ అడిగారు. వెళ్ళండి. సుషీ అంటే వెనిగర్ కలిపిన అన్నం ముద్ద, పైన చేప ముక్క. వెళ్ళి, చేప కన్నా ముందు ఆ అన్నం సంగతి చూడండి.

నేను టోక్యోలోనే నిషి కసాయ్‌లో ఉంటాను. ఇక్కడికొచ్చిన మొదటి మూడేళ్ళూ నాకు సుషీ అంటే బెల్టు మీద ప్లేట్లు తిరిగే హోటలే. మా టీమ్‌లో పెద్దాయన రిటైరయ్యే ముందు నన్ను గింజాకి తీసుకెళ్ళారు. ఒక బిల్డింగ్ నాలుగో అంతస్తులో చిన్న గది, చెక్క బల్ల, ఎనిమిది కుర్చీలు. మెనూ లేదు. ఈ పద్ధతిని ఒమాకసే అంటారు, అంటే 'మీకే వదిలేస్తున్నాను' అని. బల్లకి అవతల నిలబడ్డ వంటాయనని తైషో అని పిలుస్తారు. ఆయన పొద్దున తొయోసు చేపల మార్కెట్‌లో ఏం కొన్నాడో అదే ఆ రాత్రి మన భోజనం.

నా కళ్ళు ముందు అన్నం మీదే పడ్డాయి. పులిహోరకి అన్నం పళ్ళెంలో పరిచి, మెతుకు విరక్కుండా పులుసు పట్టిస్తాం చూడండి, సరిగ్గా ఆ జాగ్రత్తే ఇక్కడా. వేడి అన్నాన్ని వెడల్పాటి చెక్క తొట్టిలో వేసి, వెనిగర్ పోసి, తెడ్డుతో కోస్తున్నట్టు కలుపుతారు. మేం వెళ్ళిన చోట వాడింది సాకే అనే బియ్యపు మద్యం తీశాక మిగిలే పిప్పిని ఏళ్ళ తరబడి మాగబెట్టి తీసే ఎర్ర వెనిగర్. అందుకే అన్నం కొంచెం గోధుమ రంగులో ఉంది. ఫొటో చూసి మా అమ్మ "దంపుడు బియ్యమా?" అని అడిగింది. ఆ అన్నం చల్లగా ఉండదు, మన ఒంటి వేడితో ఉంటుంది. వేళ్ళతో పట్టుకుంటే ముద్ద నిలుస్తుంది, నోట్లో పెట్టుకోగానే మెతుకు మెతుకుగా విడిపోతుంది. దీన్ని షారి అంటారు. పైన చేప ఎంత ఖరీదైనదైనా షారి బాగోకపోతే ఆ కొట్టుకి పేరు రాదని మా పెద్దాయన అన్నారు. తిన్నాక నాకూ అదే అనిపించింది.

చేత్తో తినొచ్చు, మొహమాటపడకండి. చాప్‌స్టిక్స్‌తో కుస్తీ పట్టక్కర్లేదు.

ఇక పచ్చి చేప భయం. ఈ రకం సుషీని ఎదోమాయె అంటారు. టోక్యో పాత పేరు 'ఎదో'. 1820ల్లో హనాయా యోహెయ్ అనే ఆయన అక్కడ ఇలా చేత్తో ముద్ద కట్టి అమ్మడం మొదలుపెట్టాడని చెబుతారు. అప్పట్లో ఐసూ లేదు, ఫ్రిజ్జూ లేదు. కాబట్టి చేపని ఉప్పులో, వెనిగర్‌లో, సోయా సాస్‌లో ఊరబెట్టేవాళ్ళు, లేదా ఉడికించేవాళ్ళు. ఆ పనితనం ఇప్పటికీ పోలేదు. అనాగో అనే పాములాంటి చేపని మెత్తగా ఉడికించి ఇస్తారు, రొయ్య కూడా ఉడికిందే. అంటే పూర్తిగా పచ్చిది మీరనుకున్నంత ఉండదు. కొహదా అని వేలెడంత వెండి రంగు చేప ఒకటుంది, పెద్ద ఖరీదైనది కాదు. దానికి ఉప్పు ఎంతసేపు, వెనిగర్ ఎంతసేపు అన్నది చేప సైజునీ ఆ రోజు కొవ్వునీ బట్టి తైషో తేల్చుకుంటాడు. కొంచెం అటూ ఇటూ అయితే పిడచగా అయిపోతుంది. అందరూ చెప్పుకునే తోరో, అంటే ట్యూనా పొట్ట దగ్గరి కొవ్వు ముక్క, వెన్నలా కరిగిన మాట నిజమే. కానీ నా మనసు దోచింది కొహదా. మామిడికాయ వేసిన చేపల పులుసు మర్నాటికి ఎలా కుదురుతుందో తెలిసిన నాలుక దాన్ని ఇట్టే గుర్తుపడుతుంది.

మా అమ్మలాగే మీకూ పురుగుల బెంగ ఉంటే ఒక్క మాట. కొన్ని సముద్రపు చేపల్లో అనిసాకిస్ అనే సన్నటి పురుగు ఉంటుంది. సుషీలో పెట్టే వసాబి అనే ఘాటైన పచ్చ ముద్ద గానీ, వెనిగర్ గానీ దాన్ని చంపలేవు. మైనస్ 20 డిగ్రీల్లో 24 గంటలు గడ్డకట్టిస్తే చస్తుంది. లేదంటే వంటవాడు కళ్ళతో వెతికి తీసెయ్యాలి. మంచి కౌంటర్‌లో మీరు డబ్బు పెడుతున్నది ఆ కళ్ళకి కూడా.

నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి. నోరి, అంటే ఎండబెట్టిన సముద్రపు నాచు రేకు, చుట్టిన ముద్ద చేతికిస్తే దాన్ని బల్ల మీద పెట్టి ఫొటోలు తీస్తూ కూర్చున్నాను. తైషో చాలా నెమ్మదిగా "ఇప్పుడే తినండి" అన్నాడు. అప్పటికే కరకరలాడాల్సిన నోరి మెత్తబడిపోయింది. ఆయన అరచేతి వేడి చూసుకుని చేసిన పని నా ఫోన్ వల్ల చెడిందని ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఫొటో కావాలంటే అడిగి, ఒక్కటి తీసుకుని తినెయ్యండి. సోయా సాస్ ఆయనే కుంచెతో పూసి ఇస్తాడు, మళ్ళీ ముంచక్కర్లేదు. వసాబి కూడా లోపలే పెడతాడు, ఘాటు వద్దంటే ముందే చెప్పండి. అల్లం ముక్కలు ఒక చేపకీ మరో చేపకీ మధ్య నోరు శుభ్రం చేసుకోవడానికి.

సెంటు పూసుకుని వెళ్ళొద్దు. ఆ చిన్న గదిలో అందరి భోజనమూ పాడవుతుంది. ఆలస్యం అసలే వద్దు, ఎనిమిది మందికీ ఒకేసారి మొదలవుతుంది. ఏది తినరో బుకింగ్ అప్పుడే చెప్పాలి, అక్కడికెళ్ళి చెబితే ఆయన చెయ్యగలిగిందేమీ ఉండదు. చివరి నిమిషంలో మానుకుంటే చాలాచోట్ల డబ్బు మొత్తం పోతుంది. టిప్పు ఇవ్వక్కర్లేదు.

2014లో ఒబామా తిన్న సుకియాబాషి జిరో అనే సుషీ కొట్టు కోసమే ఆరాటపడకండి. మామూలుగా బుక్ చేసుకునే వీలు లేదని 2019లో హోటళ్ళకి స్టార్లిచ్చే మిషెలిన్ దాన్ని తన గైడ్‌లోంచి తీసేసింది. గింజాలో మంచి కౌంటర్లకి కొదవ లేదు. రాత్రి 30 వేల యెన్లంటే మన డబ్బుల్లో 17, 18 వేలు, అదీ మనిషికి. అంత బరువనిపిస్తే మధ్యాహ్నం వెళ్ళండి. రెండోసారి నేను సొంత డబ్బుతో వెళ్ళింది మధ్యాహ్నమే, మనిషికి 12 వేల యెన్లు అయింది. ముద్దలు తగ్గాయి గానీ అన్నం అదే, చెయ్యీ అదే.

చివర్లో తమాగో అని తియ్యటి గుడ్డు ముక్క వస్తుంది, కేకులా ఉంటుంది. అది వచ్చిందంటే భోజనం అయిపోయినట్టే. అప్పుడు తైషో ఇంకేమైనా కావాలా అని అడుగుతాడు. నచ్చింది మళ్ళీ అడగొచ్చు, దానికి లెక్క విడిగా ఉంటుంది. నేను రెండుసార్లూ కొహదానే అడిగాను.