సెలికా: దారి మార్చుకున్న స్పోర్ట్స్ కారు

ప్రశ్న: టొయోటా సెలికా ముందు చక్రాలతో నడిచే కారంటారు, ర్యాలీల్లో మాత్రం నాలుగు చక్రాల సెలికా గెలిచిందని చదివాను. ఏది నిజం? దాని తయారీ ఎందుకు ఆగింది?

జవాబు: రెండూ నిజమే. 1970లో జపాన్‌లో విడుదలైన సెలికా మొదటి మూడు తరాల్లోనూ ఇంజను శక్తి వెనుక చక్రాలకే అందేది. 1985లో వచ్చిన నాలుగో తరంతో అది ముందు చక్రాలకు మారింది. ర్యాలీల కోసం అదే కారుకు టర్బో ఇంజనును (గాలిని ఒత్తిడితో లోపలికి పంపి శక్తి పెంచే రకం), నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే ఏర్పాటును జోడించి ‘జీటీ-ఫోర్’ రకాన్ని తెచ్చారు. స్పెయిన్ డ్రైవర్ కార్లోస్ సైంజ్ 1990, 1992లలో ప్రపంచ ర్యాలీ విజేతగా నిలిచింది ఆ రకం కార్లతోనే. (1995లో టర్బోలోకి వెళ్లే గాలిని కట్టడి చేసే భాగాన్ని గుట్టుగా జరిపే ఏర్పాటు బయటపడి, టొయోటా ర్యాలీ జట్టుపై ఏడాది నిషేధం పడింది. ఆ పనితనాన్ని మెచ్చుకోవాలో, తిట్టాలో!)

1999 నాటి ఏడో తరంలో నాలుగు చక్రాల రకం లేదు. అయితే యమహాతో కలిసి రూపొందించిన దాని 1.8 లీటర్ల శక్తిమంతమైన ఇంజను ముచ్చటైనది: నిమిషానికి సుమారు 6,000 భ్రమణాలు దాటగానే ఇంజనులోకి గాలి వచ్చిపోయే వాల్వులను మరింత ఎత్తుగా తెరిచే వేరొక క్యామ్ (వాల్వులను నెట్టే భాగం) పని అందుకుంటుంది, అప్పటిదాకా మామూలుగా ఉన్న శబ్దం ఒక్కసారిగా అరుపవుతుంది. ఇటువంటి కూపేలకు (రెండు తలుపుల స్పోర్ట్స్ కార్లకు) గిరాకీ తగ్గడంతో 2006లో తయారీ ఆపేశారు.