మనవరాలికి ఏం పట్టుకెళ్లాలి? ఒక గుడ్డ, నాలుగు గవ్వలు చాలు

ప్రశ్న: నమస్తే అండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి వాళ్లు మెల్‌బోర్న్‌లో టార్నీట్ అనే చోట ఉంటారు, వచ్చే నెల మేమిద్దరం వెళ్తున్నాం. మనవరాలికి 7 ఏళ్లు, మనవడికి మూడు నిండాయి. ఏం తెమ్మంటావే అంటే మా అమ్మాయి "ఇక్కడ అన్నీ దొరుకుతాయమ్మా, ఏమీ మోసుకురాకండి" అంటోంది, అలాగని చేతులూపుకుంటూ ఎలా వెళ్తామండి. నేను అనుకున్నవి చెప్తాను. కొండపల్లి దశావతారాల సెట్టు, మా అత్తగారి నాటి వామనగుంటల పీట, అందులోకి చింతపిక్కలు, గురివింద గింజలు, ఇంకా కాస్త పాలకోవా. పెట్టెల్లో సగం పచ్చళ్లకీ పొడులకీ పోతుంది, మిగిలే చోటు తక్కువ. ఏది ఉంచమంటారు, ఏది తీసేయమంటారు? (ఒక అమ్మమ్మ)

జవాబు: అమ్మమ్మగారూ, ముందు తీసేసేవి చెప్పేస్తాను, ఎందుకంటే మీరు వెళ్లేది ఆస్ట్రేలియా, అక్కడ విత్తనాలు, చెక్క, పాల పదార్థాల విషయంలో చాలా పట్టింపు. మన పురుగో తెగులో వాళ్ల పొలాల్లోకి వచ్చేస్తుందని వాళ్ల భయం, అందులో తప్పేం లేదు. దిగేముందు విమానంలో ఒక కార్డు ఇస్తారు, దాంట్లో చెక్క సామాను ఉందా, గింజలున్నాయా, తినేవి ఉన్నాయా అని అడుగుతారు, ఉంటే ఉన్నాయి అని టిక్కు పెట్టేయండి. టిక్కు పెట్టి చూపించినందుకు ఎవరూ జరిమానా వేయరు, మహా అయితే ఆ వస్తువు తీసేసుకుంటారు. దాచిపెట్టి దొరికితే మాత్రం జరిమానాతో పోదు, విజిటర్ వీసా రద్దు చేసే అధికారం కూడా వాళ్లకుంది. మీ అల్లుడు ఎయిర్‌పోర్ట్ బయట కారు పెట్టుకుని ఎదురు చూస్తుంటే మీరు లోపల గింజల గురించి సంజాయిషీ చెప్పుకోవడం ఎందుకు చెప్పండి.

కాబట్టి చింతపిక్కలు వద్దు. పాలకోవా వద్దు, అసలు మన దేశం నుంచి పాలతో చేసిన స్వీట్లేవీ అక్కడికి పెట్టుకోకండి. గురివింద గింజలైతే ఆస్ట్రేలియాకే కాదు, పక్క వీధిలో పిల్లలున్న ఇంటికి కూడా వద్దంటాను నేను. చూడ్డానికి ఎర్రగా నల్లగా ముద్దొస్తాయి కానీ వాటి లోపల అబ్రిన్ అనే విషం ఉంటుంది, పైపెంకు గట్టిది కాబట్టి ఊరికే మింగితే చాలాసార్లు అలాగే బయటికి పోతుందంటారు గానీ కొరికినా, దండ గుచ్చడానికి చిల్లు పెట్టినా ఆ పెంకు కాపాడదు. మన చిన్నప్పుడు ఆడుకున్నాం కదా ఏమైంది అంటారు అందరూ. మూడేళ్ల పిల్లాడున్న ఇల్లండీ, వదిలేయండి.

ఇక మీ అత్తగారి పీట. రెండు వరసలు, ఏడేసి గుంటలు, పాత టేకుదో పనసదో అయ్యుంటుంది, బరువు కూడా బాగానే ఉంటుంది. దానికి ఎక్కడైనా పుచ్చు పట్టిన చిల్లులున్నాయేమో వెలుతురులో పెట్టి చూడండి, ఉంటే మాత్రం తీసుకెళ్లకండి, అక్కడ మందు కొట్టించాలంటారు, ఆ ఖర్చు మీదే, లేదంటే పారేస్తారు, అత్తగారి పీట పారేయించుకుని ఏడవడం కన్నా మీ ఇంట్లో దేవుడి గదిలో ఉండటమే నయం. పిల్లలు సెలవులకి వచ్చినప్పుడు దాని మీద ఆడతారు, దానికీ ఒక పని ఉంటుంది.

కొండపల్లి బొమ్మల విషయం కాస్త వివరంగా చెప్పాలి. తెల్ల పొణికి చెక్కతో చేస్తారు కాబట్టి బరువుండవు, ఆ లెక్కన పెట్టెకి మంచివే. కానీ అవి ఒకే చెక్కలో చెక్కినవి కావు, చెయ్యి వేరుగా తల వేరుగా చెక్కి చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. అందుకని సూట్‌కేసు బెల్టు మీద నుంచి దబ్బున పడితే ముందు విరిగేది పరశురాముడి గొడ్డలి, తర్వాత కృష్ణుడి చెయ్యి. పైగా ఇప్పుడు చాలావాటికి ఎనామిల్ రంగులే వేస్తున్నారు, మీ మనవడు ఏదైనా నోట్లో పెట్టుకునే రకమైతే అసలు వద్దు. నిజం చెప్పాలంటే దశావతారాల సెట్టు పిల్లల గిఫ్టు కాదండీ, అది మీ అమ్మాయి షోకేసుకి గిఫ్టు. "ముట్టుకోకు, విరుగుతుంది" అని ఆ పిల్లకి రోజుకి పదిసార్లు చెప్పాల్సొచ్చే వస్తువు ఆ పిల్ల పేరుమీద ఇవ్వడం ఏం న్యాయం. మీ అమ్మాయికే అని చెప్పి ఇచ్చేట్టయితే దశావతారాల పది బొమ్మలూ వదిలేసి ఒక్క అంబారీ ఏనుగు బొమ్మ తీసుకోండి, నూలు చీర మడతల్లో చుట్టి పెట్టండి. వరిగడ్డితో మాత్రం ప్యాక్ చేయకండి, బొమ్మని వదిలేసినా ఆ గడ్డి దగ్గర పట్టుకుంటారు.

మనవడికైతే ఏటికొప్పాక బొమ్మలు చూడండి. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉంది ఆ ఊరు, అంకుడు కర్రని లేత్ మీద తిప్పి లక్కలో రంగు కలిపి అద్దుతారు, మూలలు పదునుగా ఉండవు, అన్నీ గుండ్రంగా నున్నగా ఉంటాయి. 2017లో వాటికి జీఐ, అంటే ఇవి ఆ ఊరివే అని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2025 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన ఆంధ్ర శకటం కూడా వాటిదే, మీరు టీవీలో చూసే ఉంటారు. గింజలు, బెరళ్లు, వేర్ల నుంచి తీసిన రంగులు వేసినవి అడిగి మరీ తీసుకోండి, లేపాక్షి షాపుల్లో దొరుకుతాయి. లక్క పిడతలు మరీ చిన్న సైజువి వద్దు, పిడికిట్లో దాక్కునేవి నోట్లోకి పోతాయి, చక్రాల బండి లాంటిది ఒక్కటి చాలు. ఇదీ చెక్కే కాబట్టి కార్డులో రాయాలి, సూట్‌కేసులో అడుగున కాకుండా పైన పెట్టుకుంటే చూపించడం తేలిక. బ్యాటరీతో కూసే కోతి, లైట్లు వెలిగే కారు లాంటివి ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లే దారిలో ఆఖరి నిమిషంలో కొనకండి, ఆ బిళ్ల బ్యాటరీలు పిల్లలు మింగితే చాలా ప్రమాదం.

ఇప్పుడు అసలు సంగతి, మనవరాలు. ఏడేళ్ల పిల్ల, స్కూల్లో ఇంగ్లీషు, ఇంట్లో సగం తెలుగు. మీరు అక్కడున్నన్నాళ్లూ బానే ఉంటుంది, తిరిగొచ్చాక ఫోన్‌లో ఏం మాట్లాడుతుంది? "తిన్నావా" అంటే "తిన్నా", "స్కూల్ ఎలా ఉంది" అంటే "గుడ్", అంతే, ఫోన్ వాళ్లమ్మ చేతిలో పెట్టి పారిపోతుంది. ఆ పిల్లది తప్పేం లేదు, మాట్లాడుకోడానికి మీ ఇద్దరి మధ్య ఒక పనంటూ ఉండాలి కదా. అందుకే నేను ఎవరడిగినా ఇదే చెప్తాను, ఆ పిల్ల ఒక్కతే ఆడుకునే బొమ్మ కాకుండా మీరు లేకపోతే ఆడలేని ఆట ఇవ్వండి.

అష్టా చమ్మా ఇవ్వండి, అదీ గుడ్డ మీద. మందపాటి నూలు గుడ్డ 45 సెంటీమీటర్ల చదరం తీసుకుని అంచు మడిచి కుట్టేస్తే లోపల 40 మిగుల్తుంది, 8 సెంటీమీటర్లకి ఒక గీత పెడితే అయిదు అడ్డం అయిదు నిలువు, మొత్తం 25 గడులు. గీతలు గొలుసు కుట్టుతో కుట్టండి, స్కెచ్ పెన్నుతో గీస్తే మొదటి ఉతుక్కే పోతాయి. నాలుగు వైపులా మధ్య గడిలో, అసలు మధ్య గడిలో ఇంటూ గుర్తు కుట్టండి. వెనక అస్తరుకి మీ అమ్మాయి చిన్నప్పటి పరికిణీ ఏదైనా దాచి ఉంటే అది వేయండి, మీరు దాచకుండా ఉండరని నాకు తెలుసు. "ఇది మీ అమ్మ నీ అంత ఉన్నప్పుడు వేసుకున్న లంగా" అంటే ఆ పిల్ల ఇక ఆ గుడ్డ ఎవరికీ ఇవ్వదు. బొందు సంచిలో మడిచి పెడితే చేతి రుమాలంత చోటు, బరువు లెక్కలోకే రాదు.

ఇవే రెండు కుట్టండి. ఒకటి అక్కడికి, ఒకటి మీ ఇంట్లో ఉండాలి. గవ్వలు కూడా నాలుగు అక్కడికి, నాలుగు ఇక్కడికి. గవ్వలు బాగా కడిగి ఎండబెట్టి ఇసుకా మట్టీ లేకుండా చూసుకోండి, వాటినీ కార్డులో రాసేయండి. కాయలకి చింతపిక్కల బదులు నాలుగు రంగుల గుడ్డ చుట్టిన పెద్ద కోటు గుండీలు, రంగుకి నాలుగు. తమ్ముడికి అందకుండా సంచి పైన పెట్టమని అక్కకే బాధ్యత ఇవ్వండి, ఏడేళ్ల వాళ్లకి ఇలాంటి పెత్తనాలంటే మహా ఇష్టం.

అక్కడున్నన్నాళ్లూ కింద కూర్చుని నేర్పించండి. ఒక గవ్వ వెల్లకిలా పడితే ఒకటి, రెండయితే రెండు, నాలుగూ వెల్లకిలా పడితే చమ్మ, అంటే నాలుగు, నాలుగూ బోర్లా పడితే అష్ట, ఎనిమిది, ఈ రెంటికీ మళ్లీ పందెం. అవతలి వాళ్ల కాయని ఒకదాన్నయినా చంపితే గానీ లోపలి గడుల్లోకి పోకూడదు, కొందరిళ్లల్లో ఈ నియమం లేదు, మీ ఇంట్లో ఎలా ఆడేవాళ్లో అలాగే నేర్పండి. మీరొచ్చేశాక వీడియో కాల్‌లో మీ గవ్వలు మీరేస్తారు, తన గవ్వలు తను వేస్తుంది, ఇద్దరి గుడ్డల మీదా ఇద్దరి కాయలూ జరుపుకుంటారు. టైము కూడా కుదురుతుంది, అక్కడ స్కూలయ్యాక నాలుగింటికంటే మీకు ఉదయం పదకొండున్నర, వాళ్ల వేసవిలో గడియారం గంట ముందుకి జరుపుతారు కాబట్టి అప్పుడు పదిన్నర, మీ వంట అయిపోయే వేళ. అది తొండి చేస్తుంది, గవ్వలు ఫోన్‌కి కనపడకుండా వేసి అష్ట పడిందంటుంది. మీరూ చేయండి. "తొండి", "పందెం", "పండింది", "చచ్చింది" అని దాని నోట వచ్చే తెలుగు ఏ క్లాసులోనూ రాదు.

ప్రశ్న: అక్కా, మాది కరీంనగర్. మా అక్క కొడుకు డాలస్‌లో ఉంటడు, 11 ఏళ్లు. నా దోస్తు ఈ నెలాఖరుకి అటు పోతుండు, అరకిలో దాకా తీసుకపోతా అన్నడు. పిల్లగాడికి వీడియో గేమ్‌లు తప్ప ఏం పట్టదు అంటది మా అక్క. మేనమామగా ఏదన్న మంచిది పంపాలె, వెయ్యి, పదిహేను వందల లోపల. మా ఊరి వెండి ఫిలిగ్రీ పంపుదామా?

జవాబు: తమ్ముడూ, కరీంనగర్ ఫిలిగ్రీ పనితనానికి దండం పెట్టాల్సిందే, వెండిని వెంట్రుకలంత తీగ లాగి అల్లుతారు, కానీ 11 ఏళ్ల పిల్లాడికి అదేం చేసుకోవాలో తెలీదు, మీ బడ్జెట్‌లో వచ్చేది కూడా చిన్న ముక్క. అది మీ అక్కకి రాఖీకి దాచుకోండి.

గేములాడే పిల్లాడంటున్నారు కదా, అయితే ఎత్తులు వేయడం ఇష్టమే అన్నమాట. పులి-మేక పంపండి. మూడు పులులు, పదిహేను మేకలు. మేకల వాళ్లు ఒక్కొక్కటిగా పటం మీద పెడుతూ పోతారు, పులి పక్కనున్న మేక మీంచి ఖాళీలోకి దూకితే ఆ మేక పోయినట్టే, మూడు పులుల్నీ కదలకుండా కట్టేస్తే మేకలు గెలిచినట్టు. పాత గుళ్ల మండపాల్లో బండల మీద ఈ పటం చెక్కి ఉంటుంది, మీ చుట్టుపక్కల ఎక్కడైనా కనిపిస్తే ఫోటో తీసి అదే కొలతలో గుడ్డ మీద పెయింట్ చేయించండి, ఫోటో ప్రింట్ కూడా లోపల పెట్టండి, వాడికి తన గేమ్ కన్నా ఇది ఎంత పాతదో అప్పుడు తెలుస్తుంది. డాలస్ టైముతో మాత్రం మెల్‌బోర్న్ వాళ్లలా కూర్చుని ఆడటం కుదరదు, వాడు స్కూలు నుంచి వచ్చేసరికి మీకు తెల్లవారుజాము. అందుకని రోజుకో ఎత్తు ఆడండి, వాడు జరిపి ఫోటో పెడతాడు, మీరు లేచి చూసి మీ మేకని జరిపి ఫోటో పెడతారు. ఒక ఆట వారాలు సాగుతుంది, సాగనివ్వండి.

ఇంకా బరువు మిగిలితే చేర్యాల మాస్క్ చిన్నది ఒకటి, కొబ్బరి చిప్ప మీద చేసేది, తెలంగాణ ప్రభుత్వం వారి గోల్కొండ హస్తకళల షాపుల్లో చూడండి. బొంగరం కూడా పెట్టొచ్చు, కానీ దానికి ఇనప ములుకు ఉంటుంది కాబట్టి చెకిన్ బ్యాగులోనే పెట్టమని మీ దోస్తుకి చెప్పండి. ఒక్క మాట, పార్సిల్ టేపులేసి సీలు చేసి ఇవ్వకండి. మీ బ్యాగు మీరే సర్దుకున్నారా, వేరేవాళ్లు ఏమైనా ఇచ్చారా అని ఎయిర్‌పోర్ట్‌లో అడిగేది అతన్ని, మిమ్మల్ని కాదు. విప్పి చూపించి, లోపల ఏముందో కాగితం మీద రాసి ఇవ్వండి, మొహమాటానికి అతనడక్కపోయినా మీరే చూపించండి. దీపావళి దగ్గర పడిందని కాకరపువ్వొత్తుల డబ్బా ఒకటి సందులో దూర్చే మేనమామలున్నారు, విమానంలో అవి ఏ బ్యాగులోనూ పెట్టకూడదు.

ప్రశ్న: లండన్‌లో ఉన్న మా మనవరాలికి పట్టు పరికిణీ కుట్టించి పంపుదామనుకుంటున్నా. దానికి నాలుగేళ్లు. పోయినసారి పంపింది చేరేసరికే పొట్టయిపోయింది. సైజు ఎలా చెప్పాలి టైలర్‌కి? (నెల్లూరు నుంచి ఒక నానమ్మ)

జవాబు: వయసు చెప్పి కుట్టించకండి, నాలుగేళ్ల పిల్లల్లోనే జానెడు తేడా ఉంటుంది. నడుము నుంచి చీలమండ దాకా, చుట్టూ నడుము, భుజం నుంచి నడుము దాకా, ఈ మూడూ ఈ వారంలో టేపు పెట్టి కొలిచి పంపమని కోడల్ని అడగండి. పరికిణీకి అంచు పైన లోపలివైపు మూడు అంగుళాల మడత పెట్టించండి, నడుముకి హుక్కు కాకుండా నాడా వేయించండి, జాకెట్టుకి రెండు పక్కలా అంగుళం చొప్పున గుడ్డ వదలమనండి. జరీ గుచ్చుకుంటే పిల్లలు అయిదు నిమిషాలు ఉంచుకోరు, లోపల మెత్తటి మల్లు లైనింగ్ తప్పనిసరి. అక్కడి చలికి లోపల థర్మల్ వేస్తారు కాబట్టి జాకెట్టు పొడుగు చేతులది, కాస్త వదులుగా. లోపలి మడత కుట్టు వేరే రంగు దారంతో వేయించి, ఎక్కడ విప్పాలో ఫోటో తీసి కోడలికి పంపండి, లేదంటే మడత ఉన్న సంగతే తెలీక మళ్లీ పొట్టయిందని అల్మారాలో పెట్టేస్తారు.