వెనక హారన్ మోగుతున్నప్పుడు

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. మొన్న ఫోన్లో మాటల మధ్య ఒక ముక్క అన్నావు, నీకు గుర్తుందో లేదో. రాత్రి అడవి రోడ్డు మీద పిల్లిలాంటిదేదో చక్రం కింద పడిందన్నావు. ఆగావా అని అడిగితే, "వెనకవాడు హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు మామయ్యా, ఎక్కడ ఆగేది" అన్నావు. బండి మీద ఉన్నావు కదా అని అప్పుడేమీ అనలేదు. ఆ వేళప్పుడు అలాంటి చోట పిల్లిలా కనిపించిందంటే అది పునుగుపిల్లి అయ్యుండొచ్చు.

తిట్టడానికి రాయడం లేదురా. 34 ఏళ్ళు లారీ తోలినవాణ్ణి, నేనూ చేశాను ఆ పని. ముందు అదే చెబుతాను.

ఒక తెల్లవారుజామున, ఇంకా వెలుగు రాకముందు, లోడుతో వస్తున్నాను. వెనక ఒక కారు, ఒకటే హారన్. ముందు ఒక జింక చెంగున దాటింది. హమ్మయ్య, తప్పిపోయింది అనుకుని యాక్సిలరేటర్ తొక్కాను. దాని వెనకే పిల్ల వచ్చింది. చప్పుడు కూడా పెద్దగా రాలేదు. నేను ఆగలేదు. ఆ కారువాడు సందు చూసుకుని నన్ను దాటి దూసుకుపోయాడు. అయిదారు కిలోమీటర్లు పోయాక రైల్వే గేటు పడింది. వాడి కారు, నా లారీ పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. గేటు తీసేదాకా వాడు అద్దం దించుకుని ఫోను చూసుకుంటున్నాడు. వాడి తొందరేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఆ తొందరను నేనెందుకు నెత్తికెత్తుకున్నానో అంతకన్నా అర్థం కాలేదు.

అందుకే నీకు మొదట చెప్పేది ఇది. ఒకటి దాటిందంటే ఇంకోటి ఉంటుంది. జింకలైనా, అడవి పందులైనా, కోతులైనా అంతే. మొదటిది దాటాక కాలు యాక్సిలరేటర్ మీదికి పోకూడదు. అది వచ్చిన వైపే చూడు, వెళ్ళిన వైపు కాదు.

కావాలని తొక్కించేవాళ్ళు కూడా ఉంటారు. నేను క్లీనర్‌గా చేరిన కొత్తలో మా డ్రైవర్‌కి పాము కనబడితే చాలు, పక్కకు తిప్పి మరీ చక్రం ఎక్కించేవాడు. ఎక్కించి నవ్వేవాడు. పక్కన కూర్చుని నేనూ నవ్వాను, అప్పటికి ఆ మాత్రం బుద్ధే. కెనడాలో లాంగ్ పాయింట్ అనే చోట పరిశోధకులు రోడ్డు మీద బొమ్మ పాముల్ని, బొమ్మ తాబేళ్ళని పెట్టి చూశారట. నూటికి 2.7 మంది కావాలనే తొక్కించారు. 2007లో అచ్చయింది ఆ లెక్క. తక్కువే కదా అనిపిస్తుంది. గంటకు వంద బండ్లు తిరిగే రోడ్డయితే గంటకు ఇద్దరో ముగ్గురో అలాంటివాళ్ళు వస్తారన్నమాట. పాకుతూ దాటే తాబేలుకి ఒక్కడు చాలు.

ఆ పాము రోడ్డు మీదికి పగబట్టి రాదు. పగలంతా కాగిన తారు చీకటి పడ్డాక కూడా వెచ్చగా ఉంటుంది. దాని ఒంట్లో సొంత వేడి పుట్టదు కాబట్టి కాసేపు కాచుకోవడానికి వస్తుంది. వాన పడిన రాత్రి కప్పలు వస్తాయి, వాటికోసం కూడా పాములు వస్తాయి. కనబడితే దూరంగా ఆపి, నాలుగు ఇండికేటర్లూ వేసి కూర్చో. దిగి కర్రతో తరమడాలు, తోక తొక్కడాలు వద్దు. కాసేపటికి అదే పోతుంది.

మిగతా తొంభై ఏడుమంది మనలాంటివాళ్ళే. చంపాలని ఎవరికీ ఉండదు, ఆగడానికి మాత్రం తీరిక ఉండదు. నా అనుభవంలో కసితో చచ్చినవాటికన్నా ఆ తొందరలో చచ్చినవే ఎక్కువ.

తొందర అంటున్నాను కదా, దాని లెక్క చూడు. నీ కారు 60లో వెళ్తుంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. కన్ను చూసి, కాలు బ్రేకు మీద పడేసరికి సెకనున్నర. అంటే బ్రేకు పడకముందే 25 మీటర్లు అయిపోయాయి. పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో 20. మొత్తం 45. అదే 80లో ఉంటే 33, 35 కలిపి 68 మీటర్లు. డిమ్ లైటులో నీకు దారి సరిగ్గా కనబడేది 50 మీటర్లు, మహా అయితే 60. అంటే 80లో వెళ్ళేవాడు తనకు కనబడని చోటికి బండి తోలుతున్నట్టు. ఇంతా చేసి మిగిలేదెంత? 20 కిలోమీటర్ల అడవి దారి 80లో 15 నిమిషాలు, 60లో 20 నిమిషాలు. ఆ అయిదు నిమిషాలు బయలుదేరే ముందే నీ బండి కిరాయికి మాట్లాడుకున్న పార్టీకి చెప్పేసుకో. "అడవి దారండీ, కాస్త ఎక్కువ టైం పడుతుంది" అంటే ఎవరూ కాదనరు. దారి మధ్యలో ఓనర్ ఫోన్ చేసి "ఎక్కడున్నావ్" అన్నప్పుడు చెబితేనే టెన్షన్.

ఇక వెనకవాడి సంగతి. వాడితో పంతానికి పోకు, వాడికోసం స్పీడూ పెంచకు. వెడల్పైన చోటు చూసుకుని ఎడమ ఇండికేటర్ వేసి దారి ఇచ్చెయ్. ఇవ్వడానికి చోటు లేకపోతే బ్రేకు పెడల్‌ని రెండుసార్లు తేలిగ్గా తాకించు, వెనక ఎర్ర లైటు వెలిగి వాడికి తెలుస్తుంది. మలుపుల దగ్గర, నీళ్ళున్న చోట ముందునుంచే తగ్గించుకుంటూ వస్తే సడెన్ బ్రేకు కొట్టే పని పడదు. వాడు తిడతాడు. తిట్టనీ.

రోడ్డు పక్కన కింద జంటగా మెరిసే చుక్కలు కనబడితే అవి కళ్ళు. చాలా జంతువులకు కంటి లోపల వెనకవైపు ఒక పొర ఉంటుంది, పడిన వెలుగును తిప్పి కొడుతుంది. చీకట్లో చూడటానికి పెట్టిన కన్ను అది. దానిమీద నువ్వు హై బీమ్ కొడితే ఏమీ కనబడక కొయ్యబారి నిలబడుతుంది. బెదిరించినా కదలదు అనుకుంటాం, కదలలేక నిలబడిందని అనుకోం. డిమ్ చెయ్యి, వేగం తగ్గించు, ఒక్కసారి చిన్నగా హారన్ ఇవ్వు. ఏనుగైతే మాత్రం హారనూ వద్దు, లైటు ఆర్పి వెలిగించడమూ వద్దు. దూరంగానే ఆగి, అది ఇటే వస్తుంటే మెల్లగా వెనక్కి పోవడమే.

ఏ జంతువైనా ఎదురుగా హఠాత్తుగా వస్తే స్టీరింగ్ తిప్పకు, నీ దారిలోనే ఉండి బ్రేకు తొక్కు. ఒకసారి కుందేలును తప్పించబోయి ఎదురొచ్చే మోటారు సైకిల్ మీదికి పోబోయాను. జానెడు దూరంలో తప్పింది. జంతువు మీద జాలి మనిషి మీదికి రాకూడదు కదా.

కుందేలంటే గుర్తొచ్చింది. పార్టీలో కుర్రాళ్ళుంటే లైటేసి దాని వెంటపడమంటారు. ఆ వెలుగులోనే బెదిరి పరిగెడుతుంది పాపం, పక్కకు తప్పుకోవడం తోచదు. వీడియోకి బాగుంటుంది వాళ్ళకి. కాదనడానికి మొహమాటంగా ఉంటే "ఇక్కడ కెమెరాలున్నాయి, చలానా పడుతుంది" అనెయ్. ఆ మాత్రం అబద్ధం పరవాలేదు. తిని మిగిలినవి కిటికీలోంచి విసరనివ్వకు. కోతులు రోడ్డుకు అలవాటు పడేది అలాగే. రాత్రయితే ఆ ఎంగిలికి ఎలుకలు వస్తాయి, ఎలుకలకోసం గుడ్లగూబ కిందికి వాలుతుంది, సరిగ్గా నీ అద్దం ఎత్తులో.

బందిపూర్ అడవిలో హైవే మీద 2009 నుంచి రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లు ఆపేస్తున్నారు, కొన్ని బస్సులూ అంబులెన్సుల్లాంటివీ తప్ప. లోడుతో గేటు ముందు పడుకున్న రాత్రుల్లో ఎంత తిట్టుకున్నానో చెప్పలేను. ఇప్పుడు తిట్టను. పెంచ్ పులుల అడవి దగ్గర 44వ నంబరు హైవేని పైకెత్తి, కింద జంతువులకు దారి వదిలారు. ఆ కింద నుంచి పులులు నడిచివెళ్ళడం కెమెరాలకు చిక్కింది. నువ్వు తిరిగే దారులకు అలాంటివి ఎప్పుడొస్తాయో. అందాకా ఆ పని నీ బ్రేకే చెయ్యాలి.

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఒక్కోసారి తగులుతుంది. అప్పుడు మాత్రం మొన్నటిలా పోవద్దు. కాస్త ముందుకెళ్ళి, భద్రమైన చోట ఆపి, కిలోమీటరు రాయి మీద అంకె చూసి అటవీశాఖకు ఫోన్ చెయ్. దెబ్బతిన్న జింక దగ్గరికి పోకు, గిట్టతో తన్నిందంటే ఎముక విరుగుతుంది. పునుగుపిల్లిని చేత్తో పట్టకు, కరుస్తుంది. దేని నోట్లోనూ నీళ్ళు పొయ్యకు. పక్షిలాంటి చిన్నదైతే గుడ్డ కప్పి ఎత్తి, గాలి ఆడే అట్టపెట్టెలో పెట్టి చప్పుడు లేకుండా ఉంచు. తాబేలును అది ఎటు పోతోందో అటే దాటించు, వెనక్కి తెచ్చి పెడితే మళ్ళీ బయలుదేరుతుంది. చచ్చిపోయినదాన్ని నువ్వు ముట్టకు, రోడ్డు మధ్యలో ఉందని ఫోన్లో చెప్పు, వాళ్ళు తీసేస్తారు. నా జింకపిల్ల దగ్గర తిరుగు ట్రిప్పులో గద్దలు వాలి ఉన్నాయి. ఒకటి లేవడం ఆలస్యమై నా క్యాబిన్ అంచు రాసుకుంటూ పోయింది. ఒకదాని వల్ల ఇంకోటి పోయేది.

నువ్వు పంపిన ఫోటోలో చూశాను, ముందు అద్దం నిండా పురుగుల మరకలే. రాత్రి ఎదురు లైటు పడితే ఆ మరకలు తప్ప ఇంకేమీ కనబడవు. ఇవాళ బండి ఎక్కేముందు లోపలా బయటా తుడువు. ఎడమ హెడ్‌లైట్ కూడా కిందికి వాలినట్టుంది, మెకానిక్‌కి చూపించు.

ఇట్లు,
నీ మామయ్య