గొట్టం పొడుగైందని మందు పెంచకు

కావలి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నిన్న పొద్దున్నే మీ అమ్మ ఫోన్ చేసి, "వాడు ఒహాయోలో తుపాకీ కొన్నాడంట, అది చాలదని తూటాలు కూడా ఇంట్లోనే చేసుకుంటాడంట, అంతా నీ పోలికే" అని అరగంట తిట్టింది. నేను అక్కడున్న ముప్పై ఏళ్లూ బేస్‌మెంట్‌లో ఏం చేసేవాడినో ఆమెకు తెలుసు. అందుకే కిమ్మనలేదు.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. నలభై నాలుగు మ్యాగ్నమ్ (రివాల్వర్‌లోనూ వాడే తూటా), లివర్ తిప్పి తూటా ఎక్కించే రైఫిల్, 20 అంగుళాల గొట్టం. మంచిదే కొన్నావు. వంద గజాల లోపు జింకకు అంతకన్నా అక్కర్లేదు. ఒహాయోలో జింకల వేటకు రైఫిల్‌ని చాలాకాలం ఒప్పుకునేవాళ్లు కాదు. నిటారు గోడల కేసులు (మూతి దగ్గర సన్నబడని ఇత్తడి తూటా తొడుగులు) వాడే రైఫిళ్లకు 2014 నుంచి అనుమతి ఇచ్చారు. నీ నలభై నాలుగు కేసూ అలాంటిదే. రివాల్వర్ తూటా పేల్చే రైఫిళ్లకు అక్కడ గిరాకీ పెరిగింది అందుకే. నీకు గ్రీన్‌కార్డు వచ్చింది కాబట్టి సరే. హెచ్1బీలో ఉన్న నీ రూమ్మేట్ చేతికి మాత్రం సరదాకి కూడా ఇవ్వకు. వేట లైసెన్స్ లాంటి మినహాయింపు లేకుండా వాళ్లు తుపాకీ గానీ తూటా గానీ పట్టుకోవడమే ఫెడరల్ నేరం.

ఇక నువ్వు అడిగిన మాట. "రైఫిల్ గట్టిది కదా, గొట్టం కూడా పొడుగు. తూటాల తయారీ మాన్యువల్‌లో ఉన్నదానికన్నా కాస్త ఎక్కువ తుపాకీ మందు వేస్తే ఏమవుతుంది?" నీ వయసులో నాకూ ఇదే దురద. వద్దు. ఒత్తిడి తారస్థాయికి చేరేది బులెట్ (తూటా మూతిలో ఉండే గుండు) కదిలిన మొదటి అంగుళం చుట్టుపక్కలే. ఆ తర్వాత గొట్టం ఎంత పొడుగున్నా ఆ దెబ్బను అది మోయదు. ఈ తూటాకు అమెరికాలో పెట్టిన పరిమితి చదరపు అంగుళానికి 36,000 పౌండ్లు. అది తూటాకు పెట్టిన హద్దు, దాన్ని రివాల్వర్‌లో వేసినా రైఫిల్‌లో వేసినా అంతే. ఇంకో సంగతి: రైఫిల్ కోసమని నువ్వు కూరిన తూటా ఏదో ఒకరోజు ఎవరిదో పాత రివాల్వర్‌లోకి వెళ్తుంది. డబ్బా మీద నువ్వేం రాసినా సరే, వెళ్తుంది.

అయినా వేగం నీకు ఊరికే వస్తుంటే మందు పెంచడం ఎందుకు? రివాల్వర్‌లో సిలిండర్‌కీ గొట్టానికీ మధ్య సందు ఉంటుంది, కొంత గ్యాస్ అందులోంచి పోతుంది. రైఫిల్‌లో ఆ సందు లేదు. పైగా నిదానంగా కాలే మందు ఆ 20 అంగుళాల పొడుగునా బులెట్‌ని తోస్తూనే ఉంటుంది. 240 గ్రైన్ల బరువున్న బులెట్ పొడుగు గొట్టం రివాల్వర్ నుంచి సెకనుకు సుమారు 1,350 అడుగులు పోతే, నీ రైఫిల్ నుంచి 1,700 దాటుతుంది. రూపాయి ఖర్చు లేదు.

కాకపోతే ఆ వేగానికి తగ్గ బులెట్ కొనుక్కో. రివాల్వర్ వేగానికి చేసిన మెత్తటి హాలోపాయింట్ (మూతికి గుంత ఉన్న బులెట్) రైఫిల్ వేగంలో జింక చర్మం కిందే ముక్కలైపోవచ్చు. మూతి మాత్రం బల్లపరుపుగా ఉండాలి. నీ తుపాకీలో తూటాలు గొట్టం కింది ట్యూబులో ఒకదాని వెనక ఒకటి పడుకుంటాయి, ఒకదాని మూతి ముందుదాని ప్రైమర్‌కి (తూటా అడుగున నిప్పు రాజేసే బిళ్ల) ఆనుకుని. అక్కడ గట్టి మొనదేలిన బులెట్ పెడితే, పేల్చినప్పటి కుదుపుకి ట్యూబులోనే ఇంకోటి పేలే ప్రమాదం ఉంది.

మందు తక్కువ వేస్తే క్షేమం అనుకునేవు, అదీ తప్పే. హెచ్110 లాంటి మందుని మాన్యువల్ చెప్పినదానికన్నా బాగా తగ్గించకూడదు. తయారీదారులే 3 శాతానికి మించి తగ్గించొద్దంటారు. కేసులో ఖాళీ మిగిలితే అది సరిగ్గా అంటుకోదు, బులెట్ గొట్టంలోనే ఆగిపోవచ్చు. మా నాన్న కందుకూరు దగ్గర పొగాకు ఆకుని వేడికి ఆరబెట్టే బ్యారన్ పెట్టినప్పుడు రాత్రంతా థర్మామీటర్ దగ్గర ఒక మనిషి కూర్చునేవాడు. మంట తొందరపెడితే ఆకు పండకుండా పచ్చగానే ఎండిపోయేది, మంట చాలకపోయినా చెడేది. నాన్నకు అంచనా లేక కాదు, ఉన్నా థర్మామీటర్ చూడకుండా కట్టె వేసేవాడు కాదు. మందూ అంతే.

తూకం సంగతి. గ్రైన్ అంటే దాదాపు 65 మిల్లీగ్రాములు. మన కంసాలి దగ్గరి గురిగింజ ఎత్తు అంటే సుమారు రెండు గ్రైన్లు. గురిగింజలో ఇరవయ్యో వంతు తేడా కూడా నీ త్రాసు పట్టుకోవాలి. కూర్చునే ముందు చెక్ వెయిట్ (బరువు కచ్చితంగా తెలిసిన తూకపు రాయి) పెట్టి చూసుకో, ఫ్యాను ఆపెయ్. బల్ల మీద ఒక్కటంటే ఒక్క మందు డబ్బానే ఉండాలి. పని అయ్యాక మిగిలిన మందు అదే డబ్బాలోకి.

నా పరువు తీసుకునే ముచ్చట ఒకటి చెబుతాను. ఒక శనివారం రాత్రి యాభై కేసులు వరసగా పెట్టి మందు పోస్తున్నాను. మీ అమ్మ ఫోన్. నీ అన్నప్రాసన కబుర్లు. ఫోన్ పెట్టేసి, ఎక్కడ ఆపానో గుర్తుందనుకుని పక్క కేసు నుంచి మొదలుపెట్టాను. మర్నాడు కాల్పుల రేంజిలో ట్రిగ్గర్ నొక్కితే 'ఢాం' బదులు 'ఫట్'మంది. చెయ్యి అలవాటుగా లివర్ మీదికి పోయింది. ఏదో అనుమానమొచ్చి ఆగాను. బులెట్ గొట్టంలో నాలుగంగుళాల దూరంలో ఇరుక్కుని ఉంది. ఆ కేసులో మందే పడలేదు, ప్రైమర్ ఒక్కటే దాన్ని అంతదాకా నెట్టింది. దాని వెనక ఇంకోటి పేల్చి ఉంటే ఈ ఉత్తరం రాసే చెయ్యి ఉండేది కాదు. ఇత్తడి కడ్డీతో కొట్టి తీయడానికి సాయంత్రమైంది. ఆ రోజు నుంచి బులెట్ పెట్టే ముందు టార్చి వేసి యాభై కేసుల్లోకీ చూస్తాను. అన్నిట్లో మందు ఒకే ఎత్తులో కనపడాలి. మధ్యలో ఫోన్ వస్తే అన్నీ ఒంపేసి మళ్లీ మొదలు.

క్రింప్ (కేసు అంచుని బులెట్ మీదికి నొక్కి బిగించడం) గురించి నీకు ఎవరూ సరిగా చెప్పినట్టు లేరు. బులెట్ నడుముకి ఒక గాడి ఉంటుంది, కేసు అంచు ఆ గాడిలోకి చుట్టూ సమంగా ఒదగాలి. ట్యూబులోని స్ప్రింగు ప్రతిసారీ బులెట్‌ని కేసులోకి నెడుతుంది. లోపలికి జారిందా, ఒత్తిడి పెరుగుతుంది. రివాల్వర్‌లో దీనికి తలకిందులు, కుదుపుకి బులెట్ బయటికి వస్తుంది. చేసిన తూటాని బల్ల అంచుకి ఆనించి బొటనవేలితో గట్టిగా నొక్కి, నొక్కకముందూ నొక్కాకా పొడుగు క్యాలిపర్‌తో కొలువు. కదలకూడదు. కేసులు అన్నీ ఒకే పొడుగు లేకపోతే క్రింప్ ఒకదానికి బిగువు, ఒకదానికి వదులు అవుతుంది. మూతి చీలిన కేసు పారెయ్. మొత్తం పొడుగు 1.610 అంగుళాలు దాటితే తూటా పైకెక్కక లివర్ మధ్యలో పట్టేయొచ్చు, జింక నీ వైపే చూస్తుంటుంది.

చేతులు సబ్బుతో కడుక్కుని గానీ అన్నం ముట్టకు. సీసం.

సంక్రాంతికి వస్తానన్నావు. వేటకి వేసుకున్న జాకెట్టూ రేంజికి మోసిన బ్యాగూ అక్కడే వదిలెయ్. ఇక్కడి 1959 ఆయుధాల చట్టంలో తూటా భాగాలు కూడా మందుగుండు కిందికే వస్తాయి. జేబు మూల ఒక ఖాళీ కేసు దొరికినా ఎయిర్‌పోర్టులో నువ్వు జవాబు చెప్పుకోవాలి, ఇక్కడ మీ అమ్మకు నేను చెప్పుకోవాలి. కొత్త బ్యాగు కొనుక్కుని రా.

మామయ్య