అటక దిగిన స్పూల్ టేపులు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా స్పూల్ టేపు రికార్డర్ల (కాసెట్టులో కాకుండా విడి చక్రాలకు చుట్టిన టేపుతో నడిచే మిషన్ల) గురించే ఉన్నాయి కాబట్టి, ఈసారి శీర్షిక మొత్తాన్నీ వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా జేజినాయన 1960లలో కొన్న గ్రుండిగ్ కంపెనీ స్పూల్ టేపు రికార్డరు, దాంతోపాటు 11 స్పూళ్లు దాదాపు నలభై ఏళ్లుగా అటక మీదే ఉన్నాయి. ఆయన పద్యనాటకాల్లో వేషాలు కట్టేవారు. ఆయన పాడిన పద్యాలు ఆ టేపుల్లో ఉన్నాయని మా నాయన చెబుతారు. మిషనును కరెంటుకు తగిలించి చూడవచ్చా? — ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా, దయచేసి ఇప్పుడే తగిలించవద్దు. తగిలించినా, మీ జేజినాయన గొంతున్న టేపును మాత్రం దాని మీద ఎక్కించవద్దు. మిషను చెడితే బాగు చేసుకోవచ్చు, బాగు కాకపోతే అలాంటిదే ఇంకొకటి వెతికి తెచ్చుకోవచ్చు. ఆ 11 స్పూళ్లకు మాత్రం రెండో ప్రతి ఎక్కడా లేదు. 1885లో సురభి నాటక సమాజం పుట్టిన కడప గడ్డ మీద పద్యం పాడిన గొంతులు ఎన్నో ఉండేవి. వాటిలో టేపుకు ఎక్కినవి కొన్నే, ఇప్పటిదాకా నిలిచినవి అంతకంటే తక్కువ.

మొదట మిషను సంగతి. ఆ కాలపు గ్రుండిగ్‌లు చాలావరకు వాల్వులతో, అంటే ట్రాన్సిస్టర్లకు ముందు వాడిన గాజు గొట్టాలతో నడిచేవి. వాటి లోపల 200 వోల్టులకు మించిన డీసీ కరెంటు ఉంటుంది, ప్లగ్గు పీకేసిన తర్వాత కూడా కండెన్సర్లలో కొంతసేపు నిలిచి ఉంటుంది. అందుచేత వెనక మూత విప్పే పని వాల్వు రేడియోలు బాగు చేసిన అనుభవం ఉన్న మెకానిక్కుకే అప్పగించండి. నలభై ఏళ్లు నిద్రపోయిన మిషనులో ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు ఎండిపోయి ఉంటాయి, కాగితపు కండెన్సర్లలో కరెంటు లీకవుతుంది. నేరుగా 230 వోల్టులు ఇస్తే పొగ రావచ్చు, ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చు. కండెన్సర్లను మార్చాక మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు మన పాత మెకానిక్కులందరికీ తెలిసిన సీరీస్ బల్బు పద్ధతినే పాటించమనండి: 60 వాట్లదో 100 వాట్లదో పాత ఫిలమెంటు బల్బును మిషనుకు వరసలో కలపాలి, ఎల్ఈడీ బల్బు ఇందుకు పనికిరాదు. బల్బు ఒక్కసారి వెలిగి మెల్లగా మందగిస్తే లోపల షార్టు లేదని అర్థం. నిండుగా వెలుగుతూనే ఉంటే వెంటనే స్విచ్చు ఆపాలి. అంతా సవ్యంగా ఉంటే అర నిమిషంలో వాల్వులు వేడెక్కి, మిషను ముందు భాగంలో రికార్డింగు స్థాయిని చూపే మ్యాజిక్ ఐ అనే చిన్న వాల్వు పచ్చగా వెలుగుతుంది. ఎన్నిసార్లు చూసినా ఆ పచ్చని వెలుగు నాకు కొత్తగానే ఉంటుంది.

తర్వాత రబ్బరు. బెల్టులు ఒక్కోసారి తారులా కరిగి పుల్లీలకు అంటుకుపోయి ఉంటాయి. ఆ తారును స్పిరిట్‌తో పూర్తిగా తుడిచాకే కొత్త బెల్టు వేయాలి. పాత బెల్టు కొలత దొరక్కపోతే పుల్లీల చుట్టూ దారం చుట్టి కొలిచి, అంతకంటే సుమారు 5 శాతం చిన్నది తెప్పించుకోవచ్చు. బేరింగులకు ఒక చుక్క కుట్టుమిషను నూనె సరిపోతుంది. ఒక ఇంట్లో కొబ్బరినూనె పోసిన మిషనును నేను విప్పాను. ఆ నూనె గట్టిపడి, టేపును లాగే క్యాప్‌స్టన్ కడ్డీని కదలనివ్వలేదు, దాన్ని వదిలించడానికి రెండు రోజులు పట్టింది. టేపు ఆనుకుని వెళ్లే హెడ్డులను 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో, అంటిన గోధుమరంగు మరక పోయేదాకా తుడవాలి. టేపును ఆ కడ్డీకి అదిమి పట్టే పించ్ రోలరు రబ్బరుకు మాత్రం గోరువెచ్చని సబ్బునీళ్లే మేలు.

ఇక టేపు. స్పూలును నిలువుగా పట్టుకుని చుట్టిన పొరల పక్కనుంచి వెలుతురు వైపు చూడండి. వెలుతురు లోపలికి చొచ్చుకొస్తే అది అసిటేట్ టేపు, చీకటిగా ఉంటే పాలియెస్టర్ టేపు. అసిటేట్ మన రాయలసీమ ఎండకు ఎండిపోయి పెళుసెక్కుతుంది, ముట్టుకుంటే పుటుక్కున తెగుతుంది. అయితే తెగిన చోట అంచులు శుభ్రంగా ఉంటాయి కాబట్టి అతికించడం సులువు. పాలియెస్టర్ తెగే ముందు సాగుతుంది, సాగిన చోట ఉన్న పాట తిరిగి రాదు. స్పూలు నుంచి వెనిగర్ లాంటి పుల్లని వాసన వస్తే ఆ అసిటేట్ కుళ్లడం మొదలైందని గుర్తు. అలాంటివాటిని మిగతావాటి నుంచి వేరు చేసి, కాపీ చేసేటప్పుడు వాటినే ముందు వరసలో పెట్టండి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. కాసెట్టు వెనక రెక్క విరిస్తే దాని మీద మళ్లీ రికార్డు కాకుండా ఆపవచ్చు, స్పూలుకు అలాంటి రక్షణ ఏదీ లేదు. ఒక్క బటను పొరపాటున నొక్కితే అర నిమిషం పద్యం శాశ్వతంగా పోతుంది. అందువల్ల మిషను బాగు చేయించేటప్పుడే రికార్డు బటను పని చేయకుండా చేయించండి, పరీక్షకు పనికిరాని టేపు ఒకటి మెకానిక్కుకు ఇవ్వండి. ఆ టేపు అరగంట ఎక్కడా నలగకుండా, జారకుండా ఆడిన తర్వాతే మీ స్పూళ్లు బయటికి తీయండి. వాటిని వేగంగా ముందుకూ వెనక్కూ తిప్పవద్దు. మొదటిసారి ఆడించేటప్పుడే కంప్యూటరులోకి 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ వేవ్ (WAV) ఫైలుగా, అంటే శబ్దాన్ని కుదించకుండా ఎక్కించుకోండి. పాత టేపు రెండోసారి ఆడుతుందన్న నమ్మకం పెట్టుకోకూడదు.

ప్రశ్న: మా దగ్గరున్న టేపులో ఒక హరికథ వినిపిస్తోంది గానీ, దాని వెనకాల ఎవరో అర్థం కాని భాషలో మాట్లాడుతున్నట్టుగా మరో గొంతు కూడా వస్తోంది. టేపు చెడిపోయిందా? — ఒక పాఠకుడు, జమ్మలమడుగు

జవాబు: చెడిపోలేదు. ఆ రెండో గొంతు తెలుగే, వెనకనుంచి ముందుకు వినిపిస్తోంది. టేపు పొడవునా పక్కపక్కనే సాగే రికార్డింగు వరసలను ట్రాకులంటారు. మీ టేపు నాలుగు ట్రాకుల మిషను మీద రికార్డయింది, మీరు దాన్ని రెండు ట్రాకుల మిషను మీద ఆడిస్తున్నారు. రెండు ట్రాకుల హెడ్డు వెడల్పుగా ఉంటుంది కాబట్టి పక్కనే ఉన్న, టేపు రెండో వైపుకు చెందిన ట్రాకును కూడా తిరగేసి చదువుతుంది. నాలుగు ట్రాకుల మిషను ఎవరి దగ్గరైనా దొరికితే రెండు వైపులా విడివిడిగా, స్పష్టంగా వినవచ్చు.

ప్రశ్న: అమెరికా నుంచి తిరిగొచ్చిన బంధువు ఒకరు అకాయ్ కంపెనీ స్పూల్ టేపు డెక్కు ఇచ్చారు. 110 వోల్టులదని తెలిసి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు కూడా కొన్నాను. అయినా ప్రతి గొంతూ బరువుగా, నెమ్మదిగా వస్తోంది. బెల్టు మార్చినా మార్పు లేదు. — ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: లోపం బెల్టులో లేదు. ట్రాన్స్‌ఫార్మరు వోల్టులను తగ్గిస్తుంది గానీ ఫ్రీక్వెన్సీని మార్చలేదు. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, మన దగ్గర 50. ఏసీ మోటారు ఆ ఫ్రీక్వెన్సీకి కట్టుబడి తిరుగుతుంది కాబట్టి మీ డెక్కు అసలు వేగంలో ఆరింట ఐదు వంతులే నడుస్తోంది. శ్రుతి దాదాపు మూడు స్వరస్థానాలు కిందికి దిగిపోతుంది. ఆడగొంతు మగగొంతులా వినిపించడానికి అది చాలు. కొన్ని డెక్కుల్లో 50, 60 హెర్ట్జ్‌లకు మార్చుకునే స్విచ్చు ఉంటుంది. కొన్నిటిలో మోటారు పుల్లీని గానీ క్యాప్‌స్టన్ మీది తొడుగును గానీ, దాంతోపాటు మోటారు కండెన్సరును కూడా మార్చాలి. మీ మోడల్ సర్వీసు మాన్యువల్‌లో ఆ వివరం ఉంటుంది. అది తేలేదాకా డెక్కును గంటల తరబడి నడపవద్దు, 60 హెర్ట్జ్‌కు చేసిన మోటారు మన కరెంటు మీద ఎక్కువ వేడెక్కుతుంది. తొందరగా కాపీ చేసుకోవలసిన టేపు ఉంటే, ఉన్న వేగంలోనే కంప్యూటరుకు ఎక్కించి ఆ తర్వాత వేగాన్ని 20 శాతం పెంచుకోండి, గొంతు సరైన శ్రుతికి వస్తుంది.

ప్రశ్న: కువైట్ నుంచి మా పెదనాయన తెచ్చిన టేపులు ఆడిస్తుంటే కీచుమని అరుస్తాయి, హెడ్డు మీద గోధుమరంగు జిగురు పేరుకుంటుంది. ఎండలో పెడితే బాగవుతాయని ఒకరన్నారు. — ఒక పాఠకుడు, కడప

జవాబు: కడప ఎండలో ఒక్క మధ్యాహ్నం పెట్టినా అవి వంకర్లు తిరుగుతాయి. ఆ మాట వినవద్దు.

మీరు చెప్పిన లక్షణాలను బట్టి టేపు మీద అయస్కాంతపు పొడిని పట్టి ఉంచే జిగురు గాలిలోని తేమను పీల్చి మెత్తబడింది. 1970ల మధ్య నుంచి వచ్చిన, వెనకవైపు నల్లని పూత ఉన్న కొన్ని టేపుల్లో ఈ జబ్బు ఎక్కువ. ఆంపెక్స్ 406, 456, స్కాచ్ 226, 250 రకాలు ఇందుకు పేరుపడ్డాయి. వీటికి తెలిసిన మందు సన్నని వేడి. పండ్లు ఎండబెట్టే విద్యుత్ పెట్టెలో, వేడి ఎటు చూసినా 54 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలిచేలా థర్మామీటరుతో చూసుకుంటూ 8 గంటలు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంచి, తర్వాత అంతసేపూ చల్లారనివ్వాలి. వంటింటి ఓవెన్ వేడి నిలకడగా ఉండదు, మైక్రోవేవ్ అయితే టేపును నాశనమే చేస్తుంది. ఇంత వేడికి రికార్డు అయినది చెరిగిపోదు. కానీ ఈ చికిత్స ఫలితం కొన్ని వారాలే నిలుస్తుంది, ఆ లోపలే కాపీ చేసుకోవాలి. అసిటేట్ టేపును మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వేడి చేయకూడదు. వెలుతురులో చూసి రకం తేల్చుకునే పద్ధతి పైన ప్రొద్దుటూరు జవాబులో ఉంది.

ప్రశ్న: డెక్కు సిద్ధంగా ఉంది, టేపులు లేవు. వాడిన టేపులు ఎక్కడ దొరుకుతాయి, మంచివని ఎలా తెలుస్తుంది? — ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: కొత్త టేపు ఇప్పటికీ తయారవుతోంది. ఫ్రాన్సులో రికార్డింగ్ ది మాస్టర్స్, అమెరికాలో ఏటీఆర్ మాగ్నెటిక్స్ చేస్తున్నాయి. అయితే ఖర్చు ఎక్కువ, ఇంటి వాడకానికి వాడినవే చాలు.

బెంగళూరు ఎస్పీ రోడ్డు, చెన్నై రిచీ స్ట్రీట్, హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ విడిభాగాలకు పేరున్న చోట్లు. బెల్టులకు, కండెన్సర్లకు అక్కడికి వెళ్లవలసిందే. టేపులకు మాత్రం మన ఊళ్లలోనే ముందు అడగమని నా సలహా. తిరునాళ్లకు, పెళ్లిళ్లకు మైకుసెట్లు కట్టిన పాత అంగళ్లు, నాటకాలు ఆడించిన కుటుంబాలు, గల్ఫ్ నుంచి మిషన్లు తెచ్చుకున్న ఇళ్లు, చివరికి పాత ఇనుప సామాన్ల అంగళ్లు: స్పూళ్లు మూలన పడి ఉన్నది ఇలాంటి చోట్లే. సముద్ర తీరపు ఊళ్లలో టేపులకు బూజు పట్టే బాధ ఎక్కువ. మన పొడిగాలిలో ఆ బాధ కొంత తక్కువ కాబట్టి ఇక్కడి సరుకు మీద నాకు కాస్త నమ్మకం ఉంది.

చూసేటప్పుడు స్పూలును బల్ల మీద పడుకోబెట్టి చుట్టను గమనించండి. చుట్ట ఉపరితలం గ్రామఫోను రికార్డులా సమంగా ఉంటే మంచిది. ఎగుడుదిగుడుగా, చక్రం ఆకుల్లా గీతలు తేలి ఉంటే ఆ టేపు ఎండకో ఒత్తిడికో లోనయింది. ఒక మూర టేపు విప్పి అంచులు అలలు తిరిగాయేమో చూడండి, వేళ్ల మధ్య మెల్లగా లాగి పొడి రాలుతోందేమో చూడండి. బీఏఎస్ఎఫ్, మాక్సెల్, టీడీకే టేపులు సాధారణంగా ఇబ్బంది పెట్టవు. కొలత సంగతి కూడా అడిగి తెలుసుకోండి: 7 అంగుళాల స్పూలులో 1200 అడుగుల మందపు టేపు ఉంటే సెకనుకు 9.5 సెంటీమీటర్ల వేగంతో ఒక వైపు 64 నిమిషాలు ఆడుతుంది. 2400 అడుగుల పల్చని టేపు దానికి రెట్టింపు ఆడుతుంది గానీ, సులువుగా సాగిపోతుంది, పాత మిషన్ల మొరటు బ్రేకులకు అది తగదు.

కొన్న టేపు మీద మీరు కొత్తగా రికార్డు చేసేముందు, దాన్ని మొదటినుంచి చివరిదాకా, రెండు వైపులా వినమని బతిమాలుతున్నాను. కర్నూలులో పాత సామాన్ల అంగడిలో తూకానికి కొన్న స్పూళ్లలో ఒకదాని అట్టపెట్టె మీద పెన్సిలుతో 3¾ అని తప్ప ఇంకేమీ రాసి లేదు. అది వేగం గుర్తు, సెకనుకు ఇన్ని అంగుళాలన్న లెక్కలో. మొదటి ఇరవై నిమిషాలు సినిమా పాటలే. ఆ తర్వాత ఆడవాళ్ల గుంపు అప్పగింతల పాట ఎత్తుకుంది. మధ్యలో ఒక ముసలామె చరణం మరిచిపోతే పక్కనున్న పిల్ల అందించడం, ఆమె ఊపిరి పీల్చుకుని మళ్లీ పైస్థాయిలో అందుకోవడం, దూరంగా ఎవరో నీళ్ల చెంబు అడగడం అన్నీ దానిలో ఉన్నాయి. పాట మధ్యలో పెళ్లికూతురి పేరు, ఇంటిపేరు వినిపించాయి. ఆ పేర్లు పట్టుకుని అంగడి యజమానినీ, ఆయన చెప్పిన మైకుసెట్టు ఆసామినీ అడుగుతూ పోతే మూడు నెలలకు ఆ కుటుంబం దొరికింది. పాడిన ముసలామె ఆ పెళ్లికూతురి అవ్వ. ఇంటివాళ్ల దగ్గర ఆమె ఫోటో ఒకటి ఉంది గానీ, గొంతు లేదు.

కాబట్టి వినండి, ఇంటి గొంతులు ఉంటే కాపీ చేసి పెట్టండి, అట్టపెట్టె మీద ఎక్కడ కొన్నారో, ఏ రోజు కొన్నారో, ఏ వేగమో, ఎన్ని ట్రాకులో పెన్సిలుతో రాయండి. వట్టి సినిమా పాటలే ఉన్న టేపులను మీ రికార్డింగుకు నిశ్చింతగా వాడుకోండి.