బెల్ మీద పేరు చూసి కొనకు

అమ్మలూ,

పాప స్కూల్ బ్యాండ్‌లో క్లారినెట్ ఎంచుకుందని విని చాలా సంతోషపడ్డాను. నువ్వు కొనాలనుకుంటున్న పాత క్లారినెట్ ఫొటోలు చూశాను. అమ్మేవాడు "సెల్మర్ కంపెనీది, చెక్కది" అంటున్నాడని రాశావు. శనివారం వెళ్లి డబ్బు ఇచ్చేలోపు ఇది చదువు.

బెల్ మీద, అంటే కింది చివర గరాటులా విచ్చుకునే ముక్క మీద, బండీ అనే బ్రాండ్ పేరు ఉంది. బండీ సెల్మర్ వాళ్లదే, ఆ మాట నిజం. కానీ అది స్కూలు పిల్లల కోసం అమెరికాలో చేసిన రకం. ఫ్రాన్స్‌లో తయారయ్యే సెల్మర్ ధర దీనికి పెట్టకూడదు. దాని మీద రెజొనైట్ అనే మాట ఉందేమో వెతుకు. వీటో అనే ఇంకో బ్రాండ్ క్లారినెట్ల మీద రెసోటోన్ అని ఉంటుంది. ఇవి ప్లాస్టిక్‌కి పెట్టుకున్న పేర్లు, చెక్క పేర్లు కావు.

అసలు బెల్ మీద పేరు ఒక్కటే చూసి నమ్మొద్దు. మావాడి కోసం మొదటిసారి కొన్నప్పుడు నేను చేసిన తప్పు అదే. ఇంటికొచ్చి విప్పి చూస్తే బెల్ ఒక కంపెనీది, కింది జాయింట్ (గొట్టం కింది సగం) ఇంకొకళ్లది. బెల్ తేలిగ్గా ఊడొస్తుంది, ఎవరైనా మార్చేయొచ్చు. కాబట్టి అన్ని ముక్కలూ విప్పించు. బ్యారెల్ (మౌత్‌పీస్ కింద ఉండే పొట్టి ముక్క), పై జాయింట్, కింది జాయింట్, బెల్ నాలుగింటి మీదా ఒకే ముద్ర ఉందా చూడు. జాయింట్ల వెనకవైపు సీరియల్ నంబర్ ఉంటుంది. రెండింటి మీదా ఉంటే అవి కలవాలి. నోట్లో పెట్టుకుని ఊదే మౌత్‌పీస్ సంగతి పట్టించుకోకు, దాన్ని అందరూ మారుస్తూనే ఉంటారు.

ఇక చెక్కా కాదా అన్నది. బయటి నలుపు చూసి తేల్చలేం. ప్లాస్టిక్ మీద కూడా సన్నగా గీతలు గీసి చెక్కలా కనిపించేట్టు చేస్తారు. జాయింట్ లోపల గుడ్డతో తుడిచి, కిటికీ వైపు పట్టుకుని గొట్టంలోంచి చూడు. చెక్కయితే పొడవునా నార గీతలు కనిపిస్తాయి. ప్లాస్టిక్ అయితే అద్దంలా నున్నగా ఉంటుంది. మూడోది ఎబొనైట్, అంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు. పాతబడ్డాక వెలుతురు తగిలినచోట ఆకుపచ్చ కలిసిన గోధుమరంగుకి తిరుగుతుంది. బొటనవేలితో వేడెక్కేలా రుద్ది వాసన చూస్తే గంధకం తెలుస్తుంది. కాల్చిన సూది గుచ్చి చూడమని ఎవరైనా చెబితే మాత్రం వినకు, వాయిద్యం పాడవుతుంది.

నిజంగా చెక్కదే అయితే పై జాయింట్‌ని టార్చ్ వేసి చూడు. పగుళ్లు ఎక్కువగా అక్కడే, పైచివర చిన్న రంధ్రాల దగ్గర మొదలవుతాయి. ఊపిరి తేమకి లోపలి చెక్క ఉబ్బుతుంది, బయటిది పొడిగానే ఉండిపోతుంది. మీ దగ్గర చలికాలంలో హీటర్ వేస్తే గాలి మరీ పొడిబారుతుంది కదా. అందుకే ఆరో తరగతి పిల్లకి నేనైతే ప్లాస్టిక్‌దే కొంటాను. యమహా 250, 255, బఫే బి12 అన్నీ ప్లాస్టిక్‌వే, నేర్చుకోవడానికి చక్కగా పనికొస్తాయి. పగిలిన చెక్కదాని కంటే ప్యాడ్లు (రంధ్రాలు మూసే మెత్తని బిళ్లలు) సరిగా మూసుకునే ప్లాస్టిక్‌ది ఎంతో మేలు. ప్యాడ్లన్నీ మార్పించాలంటే క్లారినెట్ కొన్నంత ఖర్చూ కావచ్చు, బేరం ఆడేటప్పుడు అది గుర్తుపెట్టుకో.

జాయింట్ల చివర కార్క్‌కి రాసే గ్రీజు వెంట తీసుకెళ్లు. జాయింట్లు బిగుసుకుపోతే కీలు, అంటే వేళ్లతో నొక్కే మీటలు, పట్టుకుని తిప్పకు, వంగిపోతాయి. నంబర్లు, గొట్టం లోపల ఫొటోలు తీసి అక్కడినుంచే పంపు. ఫోన్ చేతిలో పెట్టుకునే కూర్చుంటాను.

మీ మామయ్య