ఫ్లట్టర్‌లో బటన్ల మధ్య ఖాళీ ఎలా ఇవ్వాలి?

యాప్‌లు తయారుచేసే గూగుల్ టూల్‌కిట్ ఫ్లట్టర్‌తో చేసిన పలాస జీడిపప్పు ఆర్డర్ల యాప్‌లో ‘గుండు’, ‘బద్ద’ బటన్లు ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయని అడిగారు.

మీది ఫ్లట్టర్ 3.27 లేదా ఆ తర్వాతి వెర్షన్ అయితే పని తేలిక. బటన్లను ఒకదాని కింద ఒకటి పేర్చే కాలమ్‌లోనే స్పేసింగ్ అనే ప్రాపర్టీ ఉంటుంది, దానికి 16 ఇవ్వండి. లోపలి విడ్జెట్ల (బటన్ లాంటి భాగాల) మధ్య సమానంగా ఖాళీ వస్తుంది. మొదటిదానికి పైన, చివరిదానికి కింద రాదు. పాత వెర్షన్ అయితే రెండింటి మధ్య 16 ఎత్తున్న సైజ్డ్‌బాక్స్ అనే ఖాళీ పెట్టె పెట్టండి.

బటన్ స్టైల్‌లో ప్యాడింగ్ మాత్రం పెంచకండి. బటనే లావవుతుంది తప్ప పక్కదానికి దూరం జరగదు.

గూగుల్ డిజైన్ మార్గదర్శకాలైన మెటీరియల్ డిజైన్ ప్రకారం నొక్కే చోటు కనీసం 48 డీపీ (స్క్రీన్ మీది కొలత), మధ్య ఖాళీ 8 డీపీ ఉండాలి. నేనైతే 16 వదులుతాను. కాశీబుగ్గ బజారులో ఒక చేత్తో సంచి పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో నొక్కేవాళ్లకి 8 చాలదు, గుండుకి బదులు బద్ద ఆర్డరైపోతుంది.